వేటకుక్క, దయ్యం, జమీందారు

అపరాధ పరిశోధక నవలలను కాలక్షేపపు సరుకుగా జమకట్టి పక్కకు నెట్టడం మన విమర్శకులకు అలవాటు. కాని ఒకే కథను రెండు దేశాలు, రెండు కాలాలు వేరువేరుగా చెప్పుకున్నప్పుడు ఆ తేడాయే చరిత్రకు సాక్ష్యమవుతుంది. కానన్ డాయల్ నవల 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' (1902) బెంగాలీలో 'జిఘాంస' (1951)గానూ, తర్వాత హిందీలో బీరేన్ నాగ్ దర్శకత్వాన 'బీస్ సాల్ బాద్' (1962)గానూ తెరకెక్కింది. నవలను ఈ హిందీ చిత్రం పక్కన పెట్టి చూద్దాం.

నవలలో శాపానికి మూలం ఒక ఆడపిల్ల చావు. పదిహేడవ శతాబ్దపు అంతర్యుద్ధ కాలంలో హ్యూగో బాస్కర్‌విల్ అనే ప్రభువు ఒక రైతు కూతురిని ఎత్తుకువచ్చి మేడగదిలో బంధిస్తాడు. ఆమె తీగలు పట్టుకొని దిగి పారిపోతే, వేటకుక్కలను ఉసికొల్పుతాడు. భయంతో, అలసటతో ఆమె ప్రాణం విడుస్తుంది. డాయల్ ఆమెకు పేరైనా పెట్టలేదు. ఒక పాత కాగితంలోని కథగా ఆమె ప్రస్తావన ముగుస్తుంది. ఇక నవలంతా 7,40,000 పౌన్ల ఆస్తి ఎవరికి దక్కాలన్న తగువే. హంతకుడు స్టేపుల్టన్ పరాయివాడు కాడు, ఆ వంశపు దాయాదే. కుక్క మూతికి భాస్వరం పూసి, పిల్ల చావు కథను తన వారసత్వానికి మెట్టుగా వాడుకుంటాడు. హోమ్స్ దయ్యాన్ని హేతువుతో ఓడించాడు, అందుకు మెచ్చుకోవలసిందే. కాని ఆ హేతువు ఆస్తి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

హిందీ చిత్రంలోనూ దయ్యం లేదనే తేలుతుంది. అయితే ముసుగు వెనక ఉన్నది దాయాది కాదు. జమీందారు చెరచగా ఆత్మహత్య చేసుకున్న పిల్లకు తండ్రి, నాయిక రాధను పెంచిన రామ్‌లాల్. ఆస్తి తగువు కాస్తా అన్యాయానికి ప్రతీకారమైంది.

ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చింది? మా పెద్దాపురం వత్సవాయి వారి సంస్థానం. దివాణం అన్న మాటకున్న బరువు ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి'లో జమీందారును ఎదిరించిన రైతులను తెరమీద నిలిపాడు. అందులో ఏరువాక పాటకు నాట్యమాడిన వహీదా రెహమానే ఏడేళ్ళ తర్వాత 'బీస్ సాల్ బాద్'లో రాధ. అటువంటి కాలపు ప్రేక్షకుడికి జమీందారు వారసుడి ఆస్తి కంటె, చచ్చిపోయిన పిల్ల కథే దగ్గరగా తోచడం సహజం.

ఇంతమాత్రాన దీనిని అభ్యుదయ చిత్రమనడం తొందరపాటు. 'రోజులు మారాయి' రైతులు పగటి వెలుగులో కలిసికట్టుగా నిలబడ్డారు. రామ్‌లాల్ రాత్రివేళ, ముసుగులో, ఒంటరివాడు. పైగా అతని పగకు గురి కావలసివచ్చిన మనుమడు ఆ నేరం చేసినవాడు కాడు. తండ్రి దుఃఖాన్ని చిత్రం గుర్తించింది. గుర్తించి, దానిని నేరంగా మార్చి చట్టానికి అప్పగించింది. ప్రేక్షకుడి జాలి రామ్‌లాల్‌ది, శుభాకాంక్ష వారసుడిది.

అయినా నవల అడగని ప్రశ్నకు చిత్రం దారి చూపింది. పిల్ల చావు రెండింటిలోనూ కథగానే మిగిలింది. దొరల చావులకు మాత్రం దర్యాప్తు వచ్చింది. డిటెక్టివ్ నవల చేతికి తీసుకున్న విద్యార్థి "ఎవరు చంపారు?" అని ఒక్కటే అడిగి ఊరుకోరాదు. "ఎవరి చావును నేరంగా లెక్కపెట్టారు?" అని కూడా అడగాలి. సాహిత్య చరిత్ర పని అక్కడే మొదలవుతుంది.