దుబాయ్ జీతం ఎంతని కాదు, మిగిలేది ఎంతని అడగాలె

ఊర్లె ఎవలన్న దుబాయ్ పోతున్నరని తెలిస్తె అందరు అడిగేది ఒక్కటే మాట: "జీతం ఎంతనట?" పన్నెండు వందల దిర్హమ్‌లు అనంగనే ఫోన్ తీసి 23తోని గుణిస్తరు. 27,600 రూపాయలు అని చూపెడ్తది. "మంచిగనే ఉన్నది, పో" అంటరు. మంచం కిరాయి ఎవలు కట్టాలె, బువ్వ ఖర్చు ఎవలది, సైటు దాక బస్సు ఎవలు పెడ్తరు అని అడిగెటోళ్లు శానా తక్కువ. అసలు బతుకు లెక్క ఉన్నదంత ఆ ప్రశ్నలల్లనే.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ దిక్కు గల్ఫ్ బాట నిన్న మొన్నటిది కాదు. తాతలు పోయిన్రు, తండ్రులు పోయిన్రు, ఇప్పుడు మనుమలు పోతున్నరు. మూడు తరాలైనా ఖర్చుల లెక్క రాసి ముందల పెట్టెటోడు లేడు. అందుకే ఈ ముచ్చట వివరంగ చెప్పుకుందాం. పోవాలన్నా, ఆగాలన్నా లెక్క తెలిసినంకనే నిర్ణయం తీసుకోవాలె.

ఖరీదైన నగరం అంటె ఎవలకు?

విదేశీ ఉద్యోగులకు ఏ నగరంల ఎంత ఖర్చయితదో మెర్సర్ అనే కంపెనీ జాబితాలు తీస్తది. 2024 జాబితాల దుబాయ్‌ది ప్రపంచంల 15వ స్థానం. ఇల్లు, తిండి, బట్టలు, రవాణా, వినోదం అన్ని కలిపి 200కు పైన వస్తువుల ధరలు చూస్తరు. న్యూయార్క్ ధరలతోని పోల్చి స్థానం ఇస్తరు.

గని ఆ జాబితా తయారయ్యేది పెద్ద కంపెనీల కోసం. తమ మేనేజర్లను వేరే దేశం పంపితె ఎంత భత్యం ఇయ్యాలెనో తెలుసుకునేందుకు వాళ్లు దాన్ని చూస్తరు. మేనేజర్‌కు నగరం ఖరీదైతె కంపెనీ భత్యం పెంచుతది. సెంట్రింగ్ కొట్టెటోనికి, క్లీనింగ్ పనికి పోయెటోనికి ధరలు పెరిగినా జీతం అదే ఉంటది. ప్రైవేటు కంపెనీలల్ల పనిచేసే విదేశీ కార్మికులకు యూఏఈల కనీస వేతనం అని ఒక చట్టం లేదు. ఒప్పంద కాయిదంల ఏది రాసుకుంటె అదే జీతం.

ఖరీదెందుకు ఎక్కువ అంటె, ఎడారి నేల మీద పండేది తక్కువ. తినే తిండిల శానా భాగం బయటి దేశాల నుంచి రావాలె. ఎండకాలం 45 డిగ్రీలు దాటుతది, ఏసీ లేకుంట మనిషి నిలవడు. జనం పెరిగిన కొద్దీ కిరాయిలు పెరుగుతున్నయి. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, అది నిజమే. గని 2018 జనవరి 1 నుంచి వస్తువుల మీద 5 శాతం వ్యాట్ ఉన్నది. పెట్రోల్ ధర 2015 ఆగస్టు నుంచి నెల నెలకు మారుతున్నది.

దిర్హమ్ లెక్క

దిర్హమ్‌ను డాలర్‌కు ముడేసిన్రు. 1997 నుంచి ఒక్క డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు. డాలర్ 85 రూపాయలుంటె దాన్ని 3.6725తోని భాగిస్తె దిర్హమ్ 23 రూపాయల మీద చిల్లర. 2014ల ఇదే దిర్హమ్ 16–17 రూపాయలే ఉండె.

రూపాయి పడిపోతె గల్ఫోళ్లకు లాభం అంటరు. ఇంటికి పంపిన పైసలకు రూపాయలు ఎక్కువ వచ్చుడు నిజమే. గని గాడ మంచం కిరాయి, కూరగాయలు, మెట్రో టికెట్ అన్నిటికి కట్టేది దిర్హమ్‌లే. రూపాయి ఎంత పడ్డా గాడ ఒక్క కుబ్బూస్ ఎక్కువ రాదు. మనకు పనికొచ్చేది మిగిలిన దిర్హమ్‌ల లెక్క. 23తోని గుణించాల్సింది ఖర్చులు పోయినంక మిగిలినదాన్ని.

తల దాచుకునే కాడనే తేడా

కంపెనీ క్యాంపు ఇచ్చిందంటె సగం బరువు దిగినట్టే. సోనాపూర్, అల్ ఖూజ్, జబల్ అలీ దిక్కు క్యాంపులల్ల మనోళ్లు మస్తు మంది ఉంటరు. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం యజమాని మంచి వసతి ఇయ్యాలె, లేకుంటె వసతి భత్యం ఇయ్యాలె. ఆ భత్యం జీతంలనే కలిపి ఇచ్చినా చట్టం ఒప్పుకుంటది. ఇరికించేది ఈ చివరి మాటనే. "జీతం 1500, అన్నీ కలిపే" అన్నరంటె మంచం నువ్వే చూసుకోవాలె అని అర్థం.

సొంతంగ ఉండాలంటె డేరా, సత్వా, కరామా దిక్కు బెడ్ స్పేస్ వెతుక్కోవాలె. బెడ్ స్పేస్ అంటె ఒక అర్రల ఒక్క మంచం. నెలకు 600 నుంచి 1000 దిర్హమ్‌ల దాక అయితది. ప్లైవుడ్ చెక్కలు కొట్టి ఒక్క హాలును నాలుగు గదులు చేసి కిరాయికి ఇస్తరు, అది చట్టానికి విరుద్ధం. 2025 జూన్‌ల దుబాయ్ మున్సిపాలిటీ ఇసొంటి పార్టిషన్ల మీద దాడులు చేసింది. అట్ల చేసినప్పుడు రోడ్డున పడేది కిరాయికి ఉన్నోడే.

పూర్తి ఫ్లాట్ కిరాయికి తీసుకుంటె ఇంకో కథ. ఏడాది కిరాయిని ఒకటి, రెండు, నాలుగు చెక్కులుగ ముందే రాసియ్యాలె. ఏడాదికి 40,000 దిర్హమ్‌ల ఫ్లాట్ అనుకుందాం. డిపాజిట్ 5 శాతం లెక్కన 2,000, బ్రోకర్‌కు మామూలుగ 5 శాతం అంటె ఇంకో 2,000, కరెంటు నీళ్ల సంస్థ దేవాకు డిపాజిట్ 2,000, నాలుగు చెక్కులల్ల మొదటిది 10,000. ఇంట్ల కాలు పెట్టకముందే 16,000 దిర్హమ్‌లు. మీదికెళ్లి ఏడాది కిరాయిల 5 శాతం హౌసింగ్ ఫీజు అని మున్సిపాలిటీ తీసుకుంటది, అది కరెంటు బిల్లులనే పన్నెండు నెలలకు పంచి వస్తది.

చిన్న చిన్నయే, గని రోజూ ఉండేటివి

నలుగురు కలిసి వండుకుంటె తిండికి నెలకు 300–400 దిర్హమ్‌లు. మెట్రో, బస్సుకు నోల్ కార్డు ఉండాలె. సిల్వర్ కార్డుతోని ఒక్క జోన్ లోపల 3 దిర్హమ్‌లు, రెండు జోన్లకు 5, అంతకు మించితె 7.50. అన్ని జోన్లకు నెల పాసు 350.

వాట్సాప్‌ల మెసేజ్ పోతది గని కాల్ నడువది. బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలె, డేటా కొనుక్కోవాలె. ఎక్స్‌చేంజ్ నుంచి ఇంటికి పైసలు పంపితె ఒక్కొక్కసారికి 15 నుంచి 25 దిర్హమ్‌ల ఫీజు ఉంటది. నెలకు మూడుసార్లు పంపెటోడు మూడు ఫీజులు కడ్తడు, ఒక్కసారే పంపుడు మేలు. 2023 నుంచి ఉద్యోగం పోతె ఆదుకునే బీమా తప్పనిసరి చేసిన్రు. బేసిక్ జీతం 16,000 లోపు ఉంటె నెలకు 5 దిర్హమ్‌లు, కట్టాల్సింది కార్మికుడే. తీసుకోకుంటె 400 దిర్హమ్‌ల జరిమానా.

మూడు లెక్కలు

ఒకటో లెక్క. జీతం 1200, క్యాంపు, బస్సు కంపెనీవే. తిండి 350, ఫోన్ 60, సబ్బులు, కటింగ్, గోలీలు 90, పైసలు పంపే ఫీజు 20. మొత్తం 520. మిగిలేది 680 దిర్హమ్‌లు. 23తోని గుణిస్తె 15,640 రూపాయలు.

రెండో లెక్క. జీతం 1500, వసతి లేదు. మంచం 700, తిండి 350, తిరుగుడు 250, ఫోన్ 60, సబ్బులు గిట్ల 90, ఫీజు 20. మొత్తం 1470. మిగిలేది 30 దిర్హమ్‌లు, అంటె 690 రూపాయలు. జీతం 300 ఎక్కువ, మిగులు సున్న. ఆజాద్ వీసా అని పైసలు పోసి కొనుక్కునెటోళ్లల్ల మస్తు మంది ఈ లెక్కలనే చిక్కుతరు.

మూడో లెక్క, పెండ్లాం పిల్లలను తీసుకపోదాం అనుకునెటోనిది. 4,000 జీతం ఉంటె, లేదంటె 3,000 జీతం, కంపెనీ ఇల్లు ఉంటె కుటుంబానికి వీసా ఇస్తరు. నీ జీతం 5,000 అనుకో. దూరంగ, చిన్న ఇల్లు నెలకు 3,000 పడుతది. కరెంటు, నీళ్లు 400. ముగ్గురి తిండి 1,200. మిగిలింది 400. పిలగాన్ని తక్కువ ఫీజు ఉన్న ఇండియన్ బడిల ఏసినా ఏడాదికి 6,000 అనుకుంటె నెలకు 500. అప్పుడే 100 అప్పుల పడ్డవ్. దుబాయ్‌ల కార్మికుని ఆరోగ్య బీమా యజమాని కట్టాలె గని కుటుంబానిది నీ మెడకే. వీసా రూల్ పొమ్మంటది, జేబు వద్దంటది.

విమానం ఎక్కకముందు ఖర్చు

అసలు బరువు ఈడనే ఉన్నది. భారత ప్రభుత్వ రూల్ ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి తీసుకునుడు నేరం. యూఏఈ చట్టం సుత పనిలకు పెట్టుకునే ఖర్చు కార్మికుని మీద ఏయొద్దు అంటది. గని ఊర్లల్ల నడిచేది లక్ష, లక్షన్నర.

లక్షన్నర నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినవనుకో. నెలకు మిత్తే 3,000. ఒకటో లెక్కల మిగిలిన 15,640 మొత్తం అప్పుకే కట్టినా, ఇంటికి ఒక్క రూపాయి పంపకున్నా, అప్పు తీరేందుకు పదకొండు నెలలు పడుతది. అదే 35,400తోని పోతె మూడు నెలలల్ల తీరుతది. రెండేండ్ల ఒప్పందంల ఎనిమిది నెలల చెమట ఏజెంటుకు, మిత్తికి పోయినట్టు. రెండో లెక్కోడైతె మిత్తి సుత కట్టలేడు. మన ఊర్లల్ల ఇంటి కాయిదాలు, బంగారం కుదువల నుంచి బయటికి రాకపోవుడుకు కారణం ఇదే.

విజిట్ వీసా మీద పోయి పని చూసుకుంటవులే అనేటోని మాట అసలే వినొద్దు. గడువు దాటితె దినానికి 50 దిర్హమ్‌ల జరిమానా. నెలకు 1500, అంటె నెల జీతం కంటె ఎక్కువ. దొరకకుంట ఖల్లివెల్లి అయి దాక్కొని బతుకుడు, రోగమొస్తె దవాఖానకు పోలేకపోవుడు, ఇంట్ల చావైనా రాలేకపోవుడు. యూఏఈ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాక క్షమాభిక్ష ఇస్తెనే శానా మంది జరిమానా లేకుంట బయటపడ్డరు. మళ్ల ఎప్పుడిస్తరో అని ఎదురుచూసే బతుకు మనకెందుకు?

కాయిదం మీద ఏం చూడాలె

ఆఫర్ లెటర్‌ల జీతం రెండు ముక్కలుంటది: బేసిక్, అలవెన్సులు. ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదనే లెక్కగడ్తరు. రోజుకు 8 గంటలు, వారానికి 48 దాటితె బేసిక్ మీద 25 శాతం ఎక్కువ ఇయ్యాలె, రాత్రి పది నుంచి తెల్లారి నాలుగు దాకైతె 50 శాతం. గ్రాట్యుటీ మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినాల బేసిక్. బేసిక్ 1200 ఉంటె ఐదేండ్లకు 4,200 దిర్హమ్‌లు వస్తది. 800 బేసిక్, 400 అలవెన్సు అని రాస్తె 2,800 వస్తది. నెలకు చేతికచ్చేది ఒక్కటే, ఆఖరికి పోయేది 1,400 దిర్హమ్‌లు, మన లెక్కల 32,200 రూపాయలు.

సంతకం పెట్టకముందు ఈ ప్రశ్నలు అడుగుండ్రి. బేసిక్ ఎంత? క్యాంపు ఉన్నదా, మంచానికి జీతంల కోస్తరా? తిండి కంపెనీదా, నాదా? పనికాడికి బస్సు ఉన్నదా? వీసా, మెడికల్, టికెట్ పైసలు ఎవలు కడ్తరు? జవాబులు నోటితోని చెప్తె సరిపోదు, కాయిదం మీద ఉండాలె. అరబ్బీ, ఇంగ్లీషు రాకుంటె హిందీ ప్రతి అడుగుండ్రి.

పదో తరగతి పాస్ కానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటది. వాళ్లు ఈ-మైగ్రేట్ ద్వారనే పోవాలె. 275 రూపాయలు, జీఎస్టీతోని రెండేండ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉన్నది, అది వదులుకోవద్దు. తెలంగాణోళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉన్నది, ఒకసారి అడిగి చూడుండ్రి. గాడ పోయినంక పాస్‌పోర్టు నీ కాడనే ఉండాలె, యజమాని గుంజుకునుడు చట్టానికి విరుద్ధం. కష్టమొస్తె దుబాయ్‌ల ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఫోన్ 800 46342, పైసలు పడవు.

సర్కారుకు ఒక మాట

గల్ఫ్‌ల చచ్చిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని తెలంగాణ సర్కారు 2024ల ఉత్తర్వు ఇచ్చింది. గల్ఫ్ సంఘాలు ఏండ్లకేండ్లు కొట్లాడినంక వచ్చింది, మంచిదే. గని పీనుగు పెట్టె వచ్చినంక ఇచ్చే సాయం కంటె ముందు, పోయెటోనికి బతికుండంగనే ఇయ్యాల్సింది ఒకటున్నది. అది సరైన లెక్క. ప్రతి మండలంల ఆఫర్ లెటర్ చదివి తెలుగుల చెప్పే మనిషిని పెట్టుడుకు కోట్ల ఖర్చు కాదు. 35,400 కంటె ఎక్కువ గుంజే ఏజెంటును ఠాణాకు పిలిచి అడుగుడుకు కొత్త చట్టం అక్కర లేదు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, దుబాయ్ పోవుడు తప్పు కాదు. ఆ పైసలతోని చెల్లె పెండ్లి చేసినోళ్లు, ఇల్లు కట్టుకున్నోళ్లు మన ఊర్లల్లనే ఉన్నరు. వాళ్లల్ల ఒకలను పట్టుకొని మిగిలింది ఎంత, ఎట్ల మిగిలింది అని అడుగుండ్రి. అడిగినంక ఒక తెల్ల కాయిదం తీసుకొని జీతం పైన, ఖర్చులు కింద, మిత్తి ఆఖరుకు రాయుండ్రి. ఆఖరి గీత కింద వచ్చిన అంకె మీ ఇంటోళ్లకు చూపించి, అప్పుడు పాస్‌పోర్టు ఏజెంటు చేతుల పెట్టాల్నా వద్దా అని కూసొని మాట్లాడుకోండ్రి.