క్రైస్తవ మతమున కృపావాద చరిత్రము

దానమునకును వెలకును గల భేద మెల్లరు నెఱిగినదే. వెల యిచ్చినవానికి వస్తువును గోరు నధికారము గలదు. దానము గొన్నవానికి కృతజ్ఞత తప్ప వేఱొక హక్కు లేదు. మానవునకు పరమపదము వెలచే లభించునా, దానముగా లభించునా యను ప్రశ్నమును గూర్చి క్రైస్తవలోకము శతాబ్దములతరబడి వాదించినది. ఆ వాదమువలన మఠములును రాజ్యములును చీలినవి. మన మహాసభకు విచ్చేయు సోదరులలో హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఒకే యింటిపేరు గలవారు ఒండొరుల విశ్వాసమూలముల నెఱుగకుండుట తగదని తలచి, ఈ చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

క్రైస్తవుల క్రొత్త నిబంధనము గ్రీకుభాషలో వ్రాయబడినది. అందలి 'ఖారిస్' అను పదమునకు అనుగ్రహమనియు, ఉచితముగా నిచ్చిన వస్తువనియు, కృతజ్ఞత యనియు నర్థములు గలవు. ఇచ్చువాని మనస్సు, ఇచ్చిన వస్తువు, పుచ్చుకొన్నవాని మనస్సు, ఈ మూడును ఒక్క మాటలో నిమిడినవి. తెలుగు బైబిలున దీనికి 'కృప' యను పదమును వాడిరి. మోక్షమునకు మాఱుగా 'రక్షణ' యను మాట క్రైస్తవులలో రూఢమైనది. మోక్షమనగా బంధము వీడుట. రక్షణ యనగా మునుగుచున్నవానిని మఱియొకడు చేయి పట్టి యొడ్డు చేర్చుట. రక్షకుడు లేక రక్షణ లేదు గదా!

ఈ వాదమును తొలుత విశదముగా ప్రతిపాదించినవాడు ఒకటవ శతాబ్దివాడగు పౌలు. అతడు యూదుడు, బెన్యామీను గోత్రజుడు, ధర్మశాస్త్రమును నిష్ఠతో నాచరించినవాడు. ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో తన వంశమును, ఆచారమును వరుసగా నెన్ని, క్రీస్తు నెఱిగిన పిదప నవన్నియు నష్టములుగా దోచినవని చెప్పుకొన్నాడు. యూదులు కానివారు సున్నతి మొదలగు యూదాచారములను గైకొననిదే సంఘమున జేరరాదా యనునది నాటి వివాదము. శిలువపై క్రీస్తు మరణించుటయే దేవుని దానమనియు, దానిని విశ్వాసముతో గైకొనుటయే మానవుని పని యనియు, దానియెదుట యూదుడును గ్రీకువాడును సమానులే యనియు పౌలు సిద్ధాంతము. పనివానికి గూలి చెల్లించుట ఋణము దీర్చుట యగును గాని యనుగ్రహము గాదని రోమీయుల లేఖలో వాదించెను.

అయిన మానవప్రయత్నమునకు తావే లేదా? ఈ శంక అయిదవ శతాబ్దిలో ప్రబలమైనది. బ్రిటను ద్వీపమునుండి రోమునకు వచ్చిన పెలాజియస్ అను తపస్వి, దేవుడు మనకు శక్యము గానిదాని నాజ్ఞాపింపడనియు, మంచిని జేయు శక్తి మన యిచ్ఛలోనే గలదనియు బోధించెను. అంతయు గృపయే యన్నచో జనులు సోమరులగుదురని యతని భయము. అది తేలికగా ద్రోసివేయదగినది కాదు. అతనిని ప్రతిఘటించినవాడు ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణమునకు బిషప్పుగా నుండిన అగస్టీన్ (354–430). బాల్యమున ఆకలి లేకయే పియరుపండ్లను దొంగిలించి పందులకు బారవేసిన సంగతిని ఆయన తన యాత్మకథలో వ్రాసికొని, మనుజుని యిచ్ఛయే రోగగ్రస్తమైయుండగా నది తన్ను తాను నయము చేసికొనజాలదని తర్కించెను. 418లో కార్తేజి సభ పెలాజియస్ మతమును ఖండించినది. 529లో ఆరెంజి సభ, విశ్వసింపవలెనను తొలికోరికయు గృపాఫలమే యనియు, అయినను దేవుడు కొందఱిని పాపమునకే నియమించెననుట తప్పనియు నిర్ణయించినది.

ఈ ఘట్టమున మన పండితులకు శ్రీవైష్ణవుల వివాదము స్ఫురింపక మానదు. కోతిపిల్ల తల్లిని తానే కఱచుకొనును. పిల్లికూనను తల్లియే నోట గఱచి తీసికొనిపోవును. వేదాంతదేశికుల ననుసరించు వడగలవారు మర్కటకిశోర న్యాయమును, పిళ్లై లోకాచార్యుల ననుసరించు తెంగలవారు మార్జాలకిశోర న్యాయమును జెప్పుదురు. సామ్యము గలదు, ఐక్యము లేదు. శ్రీవైష్ణవమున కృప జన్మపరంపరను, కర్మబంధమును ద్రెంచునది. క్రైస్తవమున నది చారిత్రకమగు నొక మరణముతో ముడిపడినది.

పదునాఱవ శతాబ్దిలో నీ ప్రశ్నము ధనముతో చిక్కుపడినది. పాపమునకు విధింపబడిన శిక్షను తగ్గించునని చెప్పబడిన పరిహారపత్రములను రోములోని సెయింటు పీటరు దేవాలయ నిర్మాణార్థము జర్మనీలో విక్రయించిరి. మెయిన్సు ఆర్చిబిషప్పగు ఆల్‌బ్రెక్టు తన పదవికై ఫుగ్గరు వర్తకులయొద్ద జేసిన యప్పును దీర్చుటకు రాబడిలో సగము పోయెడిది. మార్టిన్ లూథరు 1505లో పిడుగుపాటునకు భయపడి సన్యసింతునని మ్రొక్కుకొన్నవాడు. ఉపవాసములు, జాగరణములు సలిపియు మనశ్శాంతిని బొందనివాడు. విట్టెన్‌బర్గున రోమీయుల లేఖను బోధించుచు, దేవుని నీతి శిక్షించు నీతి కాదు, ప్రసాదించు నీతి యని గ్రహించెను. 1517 అక్టోబరు 31న 95 వాదములను వెలువరించెను. 1521లో పోపు లియో అతనిని బహిష్కరించెను.

సత్కర్మలు వలదని లూథరు చెప్పలేదు. అవి రక్షణకు వెల కావనియు, దాని ఫలములనియు జెప్పెను. రోమనుకథోలిక సంఘమును కృప ననాదరింపలేదు. 1547లో ట్రెంటు సభ, నీతిమంతుడగుటకు పూర్వము చేసిన యే కర్మమును ఆ కృపను సంపాదింపజాలదనియే పలికి, కృపచే మేల్కొన్న మానవుడు దానితో సహకరింపవలెనని చేర్చినది. భేదము స్వల్పముగా దోచునుగాని దానివలన నాలుగున్నర శతాబ్దములు పరస్పరఖండనములు సాగినవి. తుదకు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున కథోలికులును, ప్రపంచ లూథరను సమాఖ్యవారును ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసిరి. మన యోగ్యతచే గాక కృపచేతనే దేవుడు మనలను స్వీకరించుననియు, ఆ కృపయే సత్కర్మలకు బురికొల్పుననియు నుభయులు నంగీకరించిరి. 2006లో మెథడిస్టులును, 2017లో రిఫార్మ్డు సంఘములవారును దానితో నేకీభవించిరి.

మన భాషకును నీ చరిత్రముతో సంబంధము గలదు. తెలుగున తొలి యచ్చుపుస్తకములని పండితు లెన్నువానిని 1746 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ ముద్రింపించెను. లూథరు రచించిన లఘు ప్రశ్నోత్తరి యనువాదము వానిలో నొకటి. పిదప 1842లో అమెరికానుండి హయ్యరు గుంటూరు చేరి లూథరను సంఘమును నెలకొల్పెను.

జీవితమంతయు మార్కులు వేసిన మాకు, మార్కులు లేని లెక్క యొకటి గలదనుట మింగుడుపడునది కాదు. అయినను విశ్వాస మేదైనను ఈ చరిత్రమునుండి మన సభ గ్రహింపదగినది రెండు గలవు. మొదటిది, పుట్టుకయు నుచితముగా వచ్చినదే. మన కులమున జన్మించుటకు మనలో నెవడును పాటుపడలేదు. పాటుపడక వచ్చినదానిచే గర్వించుటకు గారణము లేదు, కృతజ్ఞతకు మాత్రము గలదు. రెండవది, దాతలను గూర్చినది. విరాళము పుణ్యమునకు వెల యన్నచో దాత వర్తకుడగును, గ్రహీత ఋణస్థుడగును. తనకు లభించినదానికి గృతజ్ఞతగా నిచ్చినచో నిరువురును స్వతంత్రులగుదురు. వసతిగృహపు గోడపై దాత పేరు చెక్కించుట మర్యాదయే. కాని యచట నన్నము తిను బాలునకు ఆ రాతిని పదేపదే చూపుట మర్యాద గాదు. ఆ బాలుడు తలయెత్తుకొని భుజించి, చదివి, రేపు మఱియొకనికి బెట్టునట్లు చేయుటయే మన దానమునకు సార్థకత యని మనవి చేయుచు విరమించుచున్నాము.