మైకు అంటే స్పీకరేరా అబ్బాయ్!

మా మేనల్లుడికి బేస్ గిటార్ పిచ్చి. ఉండేది వాడపల్లిలో. (నల్గొండ జిల్లాలో కృష్ణా, మూసీ కలిసే చోట ఉన్న వాడపల్లి కాదు. ఆత్రేయపురం మండలంలో, గౌతమి ఒడ్డున, ఏడు శనివారాల వెంకన్న ఉన్న మా వాడపల్లి.) పోయిన నెల ఫోన్ చేసి, "మావయ్యా, బేస్ రికార్డ్ చెయ్యడానికి ఒక కండెన్సర్ మైకు చూశాను. నలభై వేలు. అమ్మ చీటీ డబ్బులు వచ్చే వారం చేతికొస్తాయి, కొనెయ్యనా?" అన్నాడు.

ఆ చీటీ మా అక్క రెండేళ్ళుగా కడుతోంది. నేనేమో ఒకప్పుడు బెంగళూరు ఫ్లాట్‌లో సరిగ్గా ఇలాంటి మైకే కొని, పక్కింటి కుక్కర్ విజిళ్ళని అద్భుతంగా రికార్డ్ చేసినవాణ్ణి. అందుకని అవుననీ కాదనీ అనకుండా చరిత్ర మొదలుపెట్టాను. "చంపావు మావయ్యా" అన్నాడు. మీరూ కాస్త ఓపిక పట్టండి.

మా వైపు మైకు అంటే నోటి ముందు పెట్టుకునేది కాదు, కొబ్బరిచెట్టుకి కట్టే బాకా. "గుళ్ళో మైకు మోగుతోంది" అంటారు. మైకు మోగడమేమిటని ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నవ్వుకునేవాణ్ణి. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో తరవాత చెప్తాను.

ఇంతకీ ఆ బాకాలో బేస్ వినపడదు. కింది స్వరాలు బయటికి రావాలంటే బాకా మూతి చాలా పెద్దదై ఉండాలి. చెట్టుకి కట్టేవి మాటలు దూరం వెళ్ళడానికి చేసినవి. పెళ్ళిపందిట్లో మేం విన్న ఇళయరాజా పాటల్లో గొంతులూ వయొలిన్లూ ఉండేవి కానీ, వాటి కింద ఇంకో పాటలా నడిచే బేస్ గిటార్ ఉండేది కాదు. మా గోదావరి వంశీ తీసిన 'సితార' (1984) పాటలు నేను బాకాలో వంద సార్లు వినుంటాను. కాసెట్ కొనుక్కుని హెడ్‌ఫోన్స్‌లో విన్నరోజు ఇవి వేరే పాటలేమో అనిపించింది.

రికార్డింగ్ చరిత్ర కూడా ఇలాగే బాకాతోనే మొదలైంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది మైకులోకి కాదు, బాకాలోకే. బాకా కొసన ఉన్న పల్చటి రేకు కదిలి, సూది మైనం మీద గీత గీసేది. కరెంటు లేదు, ఆంప్లిఫయర్ లేదు. ఆ పద్ధతిలో డబుల్ బేస్ సరిగ్గా పడేది కాదు. అందుకని అమెరికాలో, యూరప్‌లో రికార్డింగ్ రోజున చాలాసార్లు డబుల్ బేస్ పక్కనపెట్టి, ఆ స్వరాలని ట్యూబా చేత ఊదించేవాళ్ళు. అంటే యంత్రానికి ఏది వినపడితే అదే వాయించాలి!

1916లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇ.సి. వెంటె కండెన్సర్ మైకు తయారుచేశాడు. 1925 నుంచి మైకులతో రికార్డు చెయ్యడం మొదలయ్యాక డబుల్ బేస్ కి న్యాయం జరిగింది. మావాడు చూసిన నలభై వేల మైకు వెంటె మైకుకి వారసురాలే. "చూశావా, నేను కరెక్టే" అన్నాడు వాడు. ఆగరా బాబూ, ఇంకా ఉంది.

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. ఇక్కడే కథ మారిపోయింది. డబుల్ బేస్ శబ్దం గాలిలో పుడుతుంది కాబట్టి దానికి మైకు కావాలి. బేస్ గిటార్ శబ్దం పికప్‌లో పుట్టడమే కరెంటుగా పుడుతుంది! దాన్ని స్పీకర్‌తో గాలిగా మార్చి, ఆ గాలిని మైకుతో మళ్ళీ కరెంటుగా మార్చడం ఎందుకు? మనవాళ్ళు డేటాబేస్‌లోంచి డేటా తీసి, ప్రింట్ చేసి, స్కాన్ చేసి ఇంకో డేటాబేస్‌లో పెట్టినట్టు లేదూ?

1960ల్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియో వాళ్ళకి ఇది అర్థమైంది. జేమ్స్ జేమర్సన్ బేస్‌ని వైరుతో నేరుగా మిక్సింగ్ బల్లలోకి పంపేవాళ్ళు. లండన్‌లో అబ్బీ రోడ్ ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ దీనికోసం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టె ఒకటి చేశాడు. బీటిల్స్ వాళ్ళు 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' రికార్డింగ్‌లో దాన్ని వాడారు. ఆ పెట్టె ఎందుకంటే, పికప్ సిగ్నల్‌ని మామూలు మైకు సాకెట్‌లోకి దోపితే దాని జీవం పోతుంది. అదే పని చేసే సర్క్యూట్ ఇవాళ చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో 'ఇన్‌స్ట్రుమెంట్' అనే చిన్న స్విచ్ వెనకాల ఉంటుంది. మావాడి దగ్గర అలాంటి ఇంటర్‌ఫేస్ ఆల్రెడీ ఉంది. స్విచ్ మాత్రం ఎప్పుడూ నొక్కలేదు.

"కానీ ఆంప్ సౌండే వేరు మావయ్యా!" నిజమే, ఒప్పుకుంటాను. స్పీకర్ కోన్ గుర్రుమనే తీరు వైరులో రాదు. అయితే ఇప్పుడు లెక్క చూద్దాం. బేస్‌లో అన్నిటికన్నా కింది తీగ, ఇ, 41 హెర్ట్జ్. గాలిలో దాని అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. వాడి గది పదడుగులు బై పన్నెండడుగులు. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తనే మోగుతుంది. 49 హెర్ట్జ్ ఉండే జి స్వరం వాయిస్తే ఇల్లు అదురుతుంది, పక్క స్వరం నీరసంగా ఉంటుంది. ఖరీదైన కండెన్సర్ ఈ గది రోగాన్ని నయం చెయ్యదు, మరింత నిజాయితీగా రికార్డ్ చేస్తుంది. దాంతోపాటు శనివారం జనాన్నీ, ఆటో హారన్లనీ కూడా.

అలాంటప్పుడు డైనమిక్ మైకు మేలు. షూర్ కంపెనీ 1965లో తెచ్చిన ఎస్ఎం57 ఇప్పటికీ అమ్ముడవుతోంది. 1966లో వచ్చిన ఎస్ఎం58 లోపల ఉన్నదీ దాదాపు అదే గుండె, పైన జాలీ ఉండ తేడా. వీటికి కింది స్వరాలు తక్కువ వినపడతాయి. కానీ స్పీకర్‌కి బాగా దగ్గరగా పెడితే ఈ జాతి మైకుల్లో బేస్ దానంతటదే పెరుగుతుంది. పైగా మన చెవి 82, 123 హెర్ట్జ్ పైస్వరాలు విని, 41ని తనే ఊహించుకుంటుంది. సౌండ్ సర్వీసు వాళ్ళ దగ్గర పాటలకి వాడే డైనమిక్ మైకు ఒకరోజు అద్దెకి తెచ్చుకున్నా పని జరుగుతుంది. కోన్ మధ్యకి పెడితే పదును, అంచుకి జరిపితే మెత్తదనం. వైరు ట్రాక్‌తో కలిపేటప్పుడు మాత్రం రెండు అలలనీ స్క్రీన్ మీద పెద్దవి చేసి చూసుకోవాలి. మైకు ఒక అడుగు దూరం జరిగితే సుమారు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యం. ఆ మేరకి ట్రాక్ జరపకపోతే రెండూ కలిసి కొన్ని స్వరాలని తినేస్తాయి.

ఇప్పుడు ఆ నవ్వు సంగతి. 1966లో బీటిల్స్ 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటకి బేస్ ఇంకా బలంగా కావాలనుకున్నారు. జెఫ్ ఎమరిక్, టౌన్‌సెండ్ కలిసి ఏం చేశారో తెలుసా? ఒక పెద్ద స్పీకర్‌ని తిరగేసి మైకులా వాడారు! బేస్ ఆంప్ ముందు దాన్ని పెట్టి రికార్డ్ చేశారు. డైనమిక్ మైకులో, స్పీకర్‌లో ఉన్నవి అవే: అయస్కాంతం, తీగచుట్ట, కదిలే రేకు. కరెంటిస్తే మోగుతుంది, మోగిస్తే కరెంటిస్తుంది. మా ఊళ్ళో చదువురాని ముసలివాళ్ళు కూడా రెండిటినీ మైకు అనే పిలిచారు. నవ్వింది చదువుకున్న నేను.

నిన్న శనివారం మావాడు వైరుతో తీసిన బేస్ పంపించాడు. ఒక్క హారన్ లేదు, జి స్వరం బుద్ధిగా ఉంది. ఆంప్ ట్రాక్ ఏదైనా మంగళవారం రాత్రి అద్దె మైకుతో తీస్తాడట. చీటీ డబ్బులు అక్క దగ్గరే ఉన్నాయి.

ఫోన్లో వాడి గొంతు వెనకాల గుళ్ళో మైకు మోగుతూనే ఉంది.