ఉగ్గుగిన్నెకు మరలిన భోజనము

తెలుగువారి యిండ్లలో పూర్వము వెండిదో యిత్తడిదో ఒక ఉగ్గుగిన్నె ఉండెడిది. సన్నగా సాగిన దాని మూతినుండి పసిబిడ్డ నోట పాలును ఉగ్గును కొంచెము కొంచెముగా పోయుచు, గ్రుక్క దిగినదో లేదో గొంతువైపు చూచి, దిగిన పిమ్మటనే మరల పోసెడివారు. అన్నప్రాశననాడు పాయసము నాలుకకు తాకించి, ఆపైన నెలల తరబడి పప్పన్నము మెత్తగా మెదిపి పెట్టి, పండ్లు వచ్చిన తరువాత గాని గట్టి పదార్థము జోలికి పోనీయని ఆ క్రమమును మనుష్యుడు జన్మలో ఒక్కమారు నడచి మరచిపోవును. నలువది యేండ్లు దాటిన పిదప ఆ క్రమమును మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినవారు నేడు మన పట్టణములలోను కలరు. స్థూలకాయము తగ్గుటకై జఠరమును కుదింపించుకొన్నవారు వారు. శస్త్రచికిత్స యైన మరునాడు వారి చేతికి వచ్చెడి చిన్న గిన్నెలో పట్టునది సుమారు 30 మిల్లీలీటర్లు. దానినైనను ఒక్క గుక్కలో త్రాగరాదు.

ఈ చికిత్సకు వైద్యులు వ్రాసికొన్న చరిత్ర కత్తి చరిత్ర. ఏ ప్రేగును ఎచ్చట ఖండించి ఎచ్చట కుట్టిరో అందు వివరముగ నుండును. భోజనపంక్తి వైపు కూర్చుండి చూచినచో అదే చరిత్ర వేరొక తీరున కనబడును. తినుతీరును మార్చనక్కరలేకుండ దేహమును మార్చవలెనని బయలుదేరిన శాస్త్రము, ఒక తరము గడచునప్పటికి, మన ముత్తవ్వలెరిగిన ఉగ్గుగిన్నె యొద్దకే వచ్చి చేరినదని నా కనిపించును.

జఠరమును కోసిన తొలినాళ్ళలో స్థూలకాయపు మాటయే లేదు. 1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీ జఠరమునుండి పుట్టకురుపున్న భాగమును ఖండించి, మిగిలినదానిని ప్రేగునకు కుట్టి, ఆమెను సజీవముగ శస్త్రశాలనుండి వెలుపలికి పంపెను. వ్యాధి తిరుగబెట్టి ఆమె కొలది నెలలకే గతించెను. 1897లో జ్యూరిక్ నగరమున కార్ల్ ష్లాటర్ 56 ఏండ్ల యొకామెకు జఠరమును సమూలముగ తీసివేయగా, ఆమె కొద్దికొద్దిగా పలుమారులు భుజించుచు సంవత్సరమునకు పైగా జీవించి వైద్యలోకమును విభ్రాంతిలో ముంచెను. జఠరము లేనిదే ప్రాణము నిలువదన్న తలపు ఆనాటితో చెడినది. ఇట్లు కోయించుకొన్నవారిలో కొందరు తీపి తిన్న కొంతసేపటికే చెమటలు క్రమ్మి, గుండె దడదడలాడి, మంచమునకు ఒరగుచుండిరి. ఆగి ఆగి దిగవలసిన ఆహారము ఒక్కమారుగ ప్రేగులోనికి కుమ్మరింపబడి, అందలి చక్కెర చుట్టుప్రక్కల నీటిని లాగికొనుటయే దీనికి హేతువు. 1922లో మిక్స్ అను వైద్యుడు ఈ కుమ్మరింపునకు ‘డంపింగ్’ అని పేరిడెను. నాడు ఉపద్రవముగ నెంచబడిన యీ లక్షణమే తరువాతి కాలమున తీపిని మాన్పించు కాపలాదారుగ ఎన్నబడుట ఈ చరిత్రలోని చమత్కారము.

స్థూలకాయులకై శస్త్రచికిత్స పుట్టిన స్థలములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయము ముఖ్యమైనది. అచ్చటనే 1944-45 సంవత్సరములలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, మనస్సాక్షి కొరకు యుద్ధమునకు పోనొల్లని 36 మంది యువకులను వారి సమ్మతితో ఆరు మాసములు అర్ధాకలితో ఉంచి పరిశీలించెను. దేహభారములో నాల్గవ వంతు కోల్పోయిన ఆ యువకులు వంటపుస్తకములు సేకరించుచు, భోజనములను గూర్చియే కలలు కనుచు, పళ్ళెములు నాకుచు కాలము గడపిరనియు, పరీక్ష ముగిసిన పిదప ఎంత తినినను తనివి తీరక అలమటించిరనియు గ్రంథస్థమై యున్నది. వారు బలహీనచిత్తులు కారు. లోకమంతయు యుద్ధోన్మాదములో ఊగుచుండగా కాదని నిలిచిన దృఢసంకల్పులు. నోరు కట్టుకొనలేకపోయినవానిని చూచి సంకల్పము లేనివాడని తేలికగా తీర్పుచెప్పువారు ఈ యువకుల వృత్తాంతమొకమారు చదువుట మేలు.

పదేండ్ల లోపుననే, 1954లో, ఆ విశ్వవిద్యాలయమునకే చెందిన క్రెమెన్, లిన్నర్ ప్రభృతులు చిన్నప్రేగులో అధికభాగమును ఆహారమార్గమునుండి తప్పించు పద్ధతిని ప్రకటించిరి. పిదప లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ అనువారు దానిని సవరించి, చిన్నప్రేగు మొదటి 14 అంగుళములను చివరి 4 అంగుళములకు అతికి, నడుమనున్న బారెడు బారెడు ప్రేగునంతటిని పనిలేక పడియుండునట్లు చేసిరి. తినినది ఒంటబట్టక పోవునట్లు చేయుటయే యిందలి కిటుకు. రోగి తన పళ్ళెమును మార్చుకొననక్కర లేదు. తిండిపోతునకు ఇంతకన్న వరమేమి కావలెను? కాని ఆ వరమునకు దేహము వడ్డీతో సహా చెల్లింపవలసి వచ్చెను. ఎడతెగని విరేచనములు, మూత్రపిండములలో రాళ్ళు, కీళ్ళనొప్పులు, కొందరికి కాలేయము చెడి ప్రాణాంతకము. తుదకు 1980 ప్రాంతమునకు ఆ పద్ధతి మూలబడినది. తినుతీరును తాకకుండ దేహమును మాత్రము మార్చు ప్రయత్నము ఆ విధముగ ముగిసినది.

రెండవ త్రోవ త్రొక్కినవాడు అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్. జఠరవ్రణమునకై సగము జఠరము తీయించుకొన్న స్త్రీలు ఆ తరువాత లావెక్కలేక బక్కచిక్కియే యుండుటను అతడు గమనించెను. ఇతరులు దుష్ఫలితముగ వ్రాసికొన్నదానిలో అతనికొక మార్గము తోచినది. 1966లో చికాషి ఇటో అను సహచరునితో కలిసి, జఠరము పైభాగమున చిన్న సంచిని మాత్రము విడదీసి, దానిని నేరుగ ప్రేగునకు కలిపి, మిగిలిన పెద్దభాగమును ఆహారమునకు దూరము చేసెను. మొదట 100 మిల్లీలీటర్లు పట్టెడి ఆ సంచి క్రమముగ చిక్కి 30 మిల్లీలీటర్లకు వచ్చినది. నేడు ‘బైపాస్’ అని జనులు పిలుచునది దీని సంతతియే. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ అనువారు పొట్టను నిలువునా చీల్చక, చిన్న రంధ్రములగుండ గొట్టములు పంపి దీనిని చేసిన విధమును ప్రకటించిరి. జఠరములో ఎనుబదిపాళ్ళు తీసివేసి అరటికాయవంటి సన్నని గొట్టమును మాత్రము మిగిల్చెడి ‘స్లీవ్’ అటుపిమ్మటి తరమునకు చెందినది. నేడు అధికముగ జరుగుచున్నది అదియే.

మేసన్ 1982లో ఇంకొక సులభమార్గమును ప్రతిపాదించెను. ప్రేగును తాకక, జఠరము పైభాగమునే నిలువుగ కుట్టి, సంచి ద్వారమునకు పట్టీ బిగించెడి పద్ధతి అది. ఇచ్చటనే భోజనపంక్తి శస్త్రశాలపై గెలిచినది. గట్టి మాంసము, రొట్టె ఆ యిరుకుద్వారము చొరక వాంతి యగుచుండగా, ఐస్‌క్రీము, పాలమిఠాయిరసములు మాత్రము నిరాటంకముగ జారిపోవునని రోగులు కొలదికాలములోనే కనిపెట్టిరి. ఎవరును వారికి బోధింపలేదు. నొప్పి లేనిదానివైపు నాలుక తనంత తానే నడచినది. 1987లో హార్వే షుగర్‌మాన్ ప్రభృతులు ఈ పద్ధతిని బైపాస్‌తో పోల్చి, తీపియందు మక్కువ గలవారికి పట్టీ పద్ధతి అంతగా అక్కరకు రాదని చూపిరి. సంచి చిన్నదైనంత మాత్రాన చాలదనియు, దానిలోనికేమి పోవునో, ఎంత నెమ్మదిగా పోవునో నేర్పవలసి యున్నదనియు తెలిసినది. ఆహారశాస్త్రజ్ఞురాలు శస్త్రవైద్యుని సరసన పీఠము సంపాదించుకొన్నది ఇట్టి అనుభవముల మూలముననే.

ఆమె నేర్పునదేమి? మొదట పలుచని ద్రవములు, పిదప చిక్కని ద్రవములు, వారములు గడచిన తరువాత మెదిపిన పదార్థములు, పిమ్మట మెత్తనివి, తుదకు సాధారణాహారము. ఈ జాబితా మన ప్రాచీన వైద్యమునెరిగినవారికి క్రొత్తది కాదు. చరకసంహితలో వమనవిరేచనములైన రోగికి విధింపబడిన సంసర్జనక్రమములో పలుచని జావయగు పేయ ముందును, చిక్కని జావయగు విలేపి పిదపను, ఉప్పును నేయియు చేర్చని పప్పుకట్టు, చేర్చిన పప్పుకట్టు, ఆపైన మాంసరసము వరుసగ వచ్చును. పూర్ణశుద్ధి పొందినవానికి ఈ క్రమము ఏడు దినములు నడచును. చిన్ననిప్పును గడ్డితోను పిడకలతోను మెల్లమెల్లగ రాజవేసినట్లు జఠరాగ్నిని పెంచవలెనని ఆ మహర్షి యిచ్చిన పోలిక. కుక్షిని మూడు భాగములుగ నెంచి, ఒకటి ఘనమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి దోషముల సంచారమునకు విడువవలెననియు అతడు చెప్పెను. అతిస్థూలునకు ఆకలి యేల అధికమో కూడ అతడు విచారించెను. మేదస్సు మార్గములను అడ్డగింపగా కోష్ఠములోనే తిరుగాడు వాయువు అగ్నిని రగిల్చి తిన్నదానిని త్వరగా దహించునని అతని సిద్ధాంతము. హేతువు నేటి శాస్త్రమునకు సమ్మతము కాకపోవచ్చును. కాని లావుపాటివాని ఆకలిని దురాశ యనక దేహధర్మముగ చూచిన ఆ చూపు మెచ్చదగినది.

నేటి శాస్త్రము తన హేతువును 1999లో కనుగొన్నది. జపానులో కోజిమా, కంగావా అను శాస్త్రజ్ఞులు జఠరమునుండి పుట్టి మెదడునకు ఆకలి కబురు చేర్చెడి ‘గ్రెలిన్’ అను రసాయనమును వేరుపరచిరి. ఉపవాసములచేత బరువు తగ్గినవారిలో ఈ కబురు హెచ్చుననియు, బైపాస్ చేయించుకొన్నవారిలో మిక్కిలి తగ్గియుండుననియు 2002లో కమింగ్స్ ప్రభృతులు ప్రకటించిరి. ఒకనాటి మిన్నెసోటా యువకుల కలలకు సమాధానము కొంత ఇందు దొరకినది. శస్త్రచికిత్స పిదప తొలి సంవత్సరము రోగికి ఆకలి మందగించి, బరువు దానంతట తరుగుచుండును. ఉత్సాహమునకు వేరొకరి ప్రోత్సాహ మక్కరలేదు, అద్దమే చాలును.

చిక్కంతయు అటుపైననే. స్వీడన్‌లో 1987లో ఆరంభమై 4,047 మందిని పరిశీలించిన మహాధ్యయనము ఈ విషయమున కన్ను తెరపించినది. బైపాస్ పొందినవారు ఒకటి రెండేండ్లలో దేహభారములో 32 శాతము కోల్పోయి, పది యేండ్లకు 25 శాతము వద్ద నిలిచిరి. పట్టీ చికిత్సలు పొందినవారు అంతకన్న తక్కువ తగ్గి, అందులోను కొంత మరల పుంజుకొనిరి. అయినను, చేయించుకొననివారికంటె చేయించుకొన్నవారిలో మరణములు తక్కువయని 2007లో తేలినది. ఆకలి మరల మేల్కొనును. సంచి కొంత సాగును. మెచ్చుకొనిన బంధువులు మెచ్చుకొనుట మానుదురు. బి12 మాత్ర, సున్నపు మాత్ర, ఇనుము మాత్ర జన్మాంతము మ్రింగవలసినవే యైనను డబ్బా అడుగున మిగిలిపోవును. ఈ సంధికాలమున ఆధారమైనది శస్త్రశాలకంటె పాతదైన ఒక ఆచారము. 1948లో మిల్వాకీలో ఎస్తేర్ మాంజ్ అను గృహిణి తనవంటి స్త్రీలను కూర్చి బరువు చూచుకొను సంఘమును స్థాపించెను. 1961లో న్యూయార్కులో జీన్ నైడెచ్ అను మరియొక గృహిణి చాటుగా బిస్కట్లు తినెడి తన అలవాటును స్నేహితురాండ్ర యెదుట ఒప్పుకొని యిట్టి కూటమినే ఆరంభించెను. చికిత్సాలయములు నెలనెలా జరుపుచున్న రోగుల సమావేశములు ఈ గృహిణుల వారసత్వమే. వైద్యుని యెదుట దాచినది తోటిరోగి యెదుట దాచనక్కరలేదు.

మన దేశీయులకు ఈ చికిత్స తక్కువ బరువుననే సూచింపబడుచున్నది. బరువును ఎత్తు వర్గముచే భాగించగా వచ్చు సంఖ్య, వేరు వ్యాధులు లేనివారికి, 40 ఉండవలెనని 1991 నాటి అమెరికా నిర్ణయము. 2022లో అది 35కు దిగి, ఆసియావాసులకు 25నుండియే స్థూలత్వముగ నెంచవలెనని ఒప్పుకొనబడినది. తెలుగు విస్తరికి మాత్రము ఈ శిక్షణ మిక్కిలి కష్టము. మనది అన్నముతో మొదలై అన్నముతో ముగియు వరుస: పప్పన్నము, కూరన్నము, చారన్నము, పెరుగన్నము. కుదించిన జఠరమునకు ముందు పప్పో గ్రుడ్డో పెరుగో చేరవలెను. దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులు పూర్తి కావలెను. అన్నము మిగిలిన చోటుకే. ముద్దగా అంటుకొనెడి అన్నము కొందరికి సంచి ద్వారముననే నిలిచిపోవును. భోజనమునకు అరగంట ముందును వెనుకను నీరు త్రాగరాదు. మనమో, చెంబు ప్రక్కన లేనిదే పీటపై కూర్చుండము. అన్నిటికన్న కష్టము మారు వడ్డన. వద్దని చేయి అడ్డము పెట్టినను వ్రేళ్ళ సందున నేయి పోయుటయే ఆదరణమైన చోట, నాలుగు చెంచాలు తిని లేచినవాడు గృహిణిని అవమానించినవాడగును.

ఈ సంకటము మనకే ప్రత్యేకము గాదు. జఠరమును కోయు శస్త్రచికిత్స పుట్టుటకు మున్నూరేండ్లకు పూర్వమే లుయీజీ కోర్నారో అను వెనీసు ప్రభువు, అతిభోజనముచే చెడిన దేహమును బాగుచేసికొనుటకై దినమునకు 12 ఔన్సుల ఆహారము, 14 ఔన్సుల ద్రాక్షాసవము అను కొలత పెట్టుకొని దశాబ్దములు నిర్వహించెను. వార్ధక్యమున ఇంత చాలదు, ఇంకొంచెము తినుమని బంధుమిత్రులు పోరగా, కాదనలేక రెండింటిని రెండేసి ఔన్సులు పెంచెను. పది పండ్రెండు దినములలో మనసు చెడి, జ్వరము పట్టి మంచమెక్కెను. పాత కొలతకు మరలిన పిదపనే కోలుకొనెను. ఈ వృత్తాంతమును ఆయన 1558లో పాదువాలో అచ్చువేసిన తన గ్రంథమున చెప్పుకొనెను; వడ్డన పెంచిన బంధువులను మాత్రము నిందింపక, తనయందలి ప్రేమచేతనే వారట్లు చేసిరని వ్రాసెను.