రాయి పోయినా రవ్వ మిగిలింది

1956లో క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. అందుకు ఆయనకు ఆధారమైనవి ముఖ్యంగా ఉల్కలు. భూమి పుట్టిననాటి రాళ్లేవీ నేల మీద మిగల్లేదు. కొన్ని కరిగాయి, కొన్ని అరిగాయి, కొన్ని లోపలికి కుంగిపోయాయి. ఈనాటికీ వివాదం లేకుండా అతి పాతదని చెప్పదగ్గ శిల కెనడాలోని అకాస్టా నైస్. దాని వయసు దాదాపు 403 కోట్ల ఏళ్లు. అంతకుముందు 50 కోట్ల ఏళ్లకు సాక్ష్యం చెప్పే శిల లేదు. అప్పుడు భూమంతా కుతకుతలాడే శిలాద్రవమేనని చాలాకాలం అనుకున్నారు.

శిల లేకపోయినా దాని రవ్వ మిగిలింది. గ్రానైట్ లాంటి శిలలు గట్టిపడేటప్పుడు వాటిలో జిర్కాన్ అనే సన్నని స్ఫటికాలు పుడతాయి. శిల అరిగి మట్టిలో కలిసినా అవి చెక్కుచెదరవు. పుట్టేటప్పుడు యురేనియాన్ని తమలోకి రానిస్తాయి, సీసాన్ని దాదాపు రానివ్వవు. కాబట్టి తర్వాత వాటిలో కనిపించే సీసం ఇంచుమించు అంతా యురేనియం క్షీణించగా వచ్చినదే. యురేనియం 238, 235 వేర్వేరు వేగాలతో సీసంగా మారతాయి గనుక ఒక్క రవ్వలోనే రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకదాని లెక్కను రెండోదానితో సరిచూసుకోవచ్చు.

చిక్కేమిటంటే, జిర్కాన్ తర్వాతి కాలాల్లో మళ్లీ వేడెక్కి పొరలు పొరలుగా పెరగవచ్చు. రవ్వను మొత్తంగా కరిగించి కొలిస్తే అన్ని పొరల వయసులూ కలగాపులగం అవుతాయి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో బిల్ కాంప్‌స్టన్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి దీనికి ఒక యంత్రాన్ని నిర్మించింది. ష్రింప్ అనే ఆ యంత్రం ఆక్సిజన్ అయాన్ల పుంజంతో రవ్వ మీద మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉండే చిన్న మచ్చను మాత్రమే చెక్కి వయసు చెబుతుంది.

1983లో ఆ యంత్రంతో కొలిస్తే పశ్చిమ ఆస్ట్రేలియాలోని నారియర్ కొండ రవ్వల్లో కొన్నింటికి 410 నుంచి 420 కోట్ల ఏళ్ల వయసు కనబడింది. చాలామంది నమ్మలేదు. అదే కొండ రవ్వలను పాత పద్ధతిలో పరీక్షించిన మరో బృందానికి అంత పాతవి దొరకలేదు. 1986లో పక్కనున్న జాక్ హిల్స్‌లో, గులకరాళ్లు కలిసి గట్టిపడ్డ శిలల నుంచి 427 కోట్ల ఏళ్ల రవ్వ బయటపడింది. కాంప్‌స్టన్ పట్టుదల లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేదని నా నమ్మకం.

అసలు మలుపు 2001లో వచ్చింది. సైమన్ వైల్డ్, జాన్ వ్యాలీ బృందం అక్కడి ఒక రవ్వలో కొంత భాగం వయసు 440 కోట్ల ఏళ్లని నేచర్ పత్రికలో ప్రకటించింది. అదే సంచికలో స్టీఫెన్ మోజ్సిస్, మార్క్ హారిసన్ తదితరులూ జాక్ హిల్స్ రవ్వల గురించి రాశారు. రెండు బృందాలూ చూసింది ఆక్సిజన్‌నే. భూగర్భం నుంచి నేరుగా వచ్చిన శిలాద్రవంలో బరువైన ఆక్సిజన్ 18 పాలు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తక్కువ వేడిలో నీటితో కలిసి మార్పు చెందిన రాతిలో అది పెరుగుతుంది. ఆ రాయి లోపలికి దిగి మళ్లీ కరిగితే, అందులో పుట్టే జిర్కాన్‌కు ఆ గుర్తు అంటుతుంది. జాక్ హిల్స్ రవ్వల్లో కనిపించింది అదే. అంటే 430 కోట్ల ఏళ్ల నాటికే నేల మీద నీరుంది, నీటిలో నానిన రాయి మళ్లీ కరిగింది.

2005లో వాట్సన్, హారిసన్ ఈ రవ్వల్లోని టైటానియం పాళ్లు కొలిచి, చాలావరకు 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర పుట్టాయని లెక్కగట్టారు. తడి ఉంటేనే గ్రానైట్ శిలాద్రవం అంత తక్కువ వేడిలో కరిగి ఉంటుంది. 2014లో వ్యాలీ బృందం మరో రవ్వలోని సీసాన్ని అణువణువునా పరిశీలించి, 437 కోట్ల ఏళ్ల వయసు నిజమేనని నిర్ధారించింది.

అయితే ఇంతమాత్రాన అప్పుడే విశాలమైన ఖండాలు ఉన్నాయని చెప్పడం తొందరపాటు. గ్రానైట్ లాంటి పటలం పుట్టడం మొదలైందని మాత్రం చెప్పవచ్చు. అంత పాత రవ్వలు జాక్ హిల్స్‌కే పరిమితం కావు. 2018లో మన సింగ్‌భూమ్ ప్రాంతంలో, ఒడిశాలోని చంపువా దగ్గరి శిలల్లోనూ 420 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ దొరికింది.