నివాస సాంద్రత, భూమి, ఇంటి ధర: వికారాబాద్ నుంచి కోకాపేట దాకా

ఎకరం నేలలో ఎన్ని ఇళ్లున్నాయో చెప్పే లెక్క నివాస సాంద్రత. వికారాబాద్–తాండూరు ప్రాంతంలో, బంట్వారం చుట్టుపక్కల పల్లెల్లో, దీనికి పాత రూపం ఆబాది, అంటే ఊళ్లో ఇళ్లున్న జాగా. అక్కడ గోడకు గోడ ఆనుకొని ఇళ్లు, ఇరుకు గల్లీలు, తాండూరు బండలు పరిచిన నేల. ఊరు దాటితే కంది చేలు. పల్లె అంటే విశాలమైన నివాసమని పట్నంవాసులు అనుకుంటారు గానీ, ఆబాదిలో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండటం వల్లే సాగునేల మిగిలింది.

హైదరాబాద్ దగ్గర సాంద్రత లెక్క వేరేలా సాగింది. అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ 1908లో హైదరాబాద్‌ను ముంచెత్తాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 సాంద్రతను తగ్గించి నీటిని కాపాడాలని చూసింది. 84 గ్రామాల్లో 90 శాతం నేలను పరిరక్షణకు కేటాయించింది. నిర్మాణ విస్తీర్ణం స్థలంలో సగం మించరాదంది. జలాశయాల వరకు ఈ నియమం న్యాయమైనదే. అయితే ఇళ్ల గిరాకీ ఆగలేదు, వేరే దిక్కులకు మళ్లింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో ఈ ఆంక్షలను ఎత్తివేసింది.

ఈలోగా 2006లో జీవో 86 నగరంలో నిర్మాణ విస్తీర్ణంపై ఉన్న పరిమితిని తొలగించింది. రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీని బట్టి భవనం ఎత్తు నిర్ణయమైంది. ఎక్కువ అంతస్తులు లేస్తే ఒక్కో ఇంటి వాటాకు వచ్చే నేల తగ్గుతుంది, కాబట్టి ధర దిగాలి. కానీ ఎన్ని అంతస్తులు వేయవచ్చో ముందే లెక్కగట్టి నేలకు వెల కడతారు. గండిపేట పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంతస్తులు మిగిల్చిన లాభం భూమి ధరలోనే కలిసిపోయింది.

సర్కారు తన నేలను అమ్మకుండా తానే ఇళ్లు కడితే కథ మారుతుంది. హైదరాబాద్ శివారులోని కొల్లూరులో సుమారు 145 ఎకరాల్లో 15,660 రెండు పడక గదుల ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. అంటే ఎకరానికి వందకు పైగా. అదే ఎకరంలో రోడ్లు, పార్కు పోను 200 గజాల ప్లాట్లు వేస్తే పదిహేనుకు మించవు. ఎత్తు పెరిగితే కట్టుబడి ఖర్చూ పెరుగుతుంది: ఈ రెండు పడక గదుల ఇళ్ల పథకంలో పల్లె ఇంటికి 5.04 లక్షలు, హైదరాబాద్‌లో తొమ్మిదంతస్తుల భవనంలోని ఇంటికి 7.9 లక్షలు లెక్కగట్టారు.

పల్లెల్లో చిక్కు వేరు. అన్నదమ్ములు వేరుపడి ఆబాది నిండితే కొత్త ఇల్లు చేనులోకి జరుగుతుంది, అందుకు 2006 చట్టం ప్రకారం నాలా మార్పిడి, అంటే సాగునేలను సాగేతర అవసరానికి మార్చే అనుమతి, కావాలి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలుత సొంత జాగా ఉన్నవారికే 5 లక్షల సాయం ఇచ్చింది. జాగా లేని కుటుంబం ముందు నేల వెతుక్కోవాలి.