ఎక్స్-రేలో కనిపించే ప్లాస్టిక్ పూతలు

ఎక్స్-రే చిత్రంలో ప్లాస్టిక్ పరికరాలు స్పష్టంగా కనిపించేలా వాటి ఉపరితలంపై వేసే, భార మూలకాలు గల పొరలు. ప్లాస్టిక్‌లో ప్రధానంగా ఉండే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల పరమాణు సంఖ్యలు తక్కువ కాబట్టి ఎక్స్-కిరణాలు చాలావరకు దాటిపోతాయి. టాంటలం (73), టంగ్‌స్టన్ (74), బంగారం (79) ఎక్స్-కిరణాలను బలంగా శోషిస్తాయి.

టంగ్‌స్టన్ పొడి కలిపిన సిరాను ముద్రించడం, శూన్యగదిలో స్పటరింగ్ పద్ధతిన లోహపు పొర ఏర్పరచడం ముఖ్య విధానాలు. పూత గట్టిగా అంటుకోవడానికి ముందుగా ఉపరితలాన్ని ప్లాస్మాతో శుద్ధి చేస్తారు. వంగే గొట్టాలపై లోహపు పొర పగిలి ఊడవచ్చు. ఆ ముక్కలు రక్తనాళంలో చేరితే ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే శరీరంలోకి చొప్పించే గొట్టాలైన క్యాథెటర్లలో అనేకం తయారీలో బేరియం సల్ఫేట్‌ను ప్లాస్టిక్‌లోనే కలుపుతారు. కొనను గుర్తించడానికి ప్లాటినం-ఇరిడియం వలయాలు అమరుస్తారు. వైద్య పరికరాలు ఎక్స్-రేలో కనిపించే తీరును ఏఎస్‌టీఎం ఎఫ్640 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు.